బెంగళూరు నుంచి కామారెడ్డికి ఒక్కడినే, బండి మీద: ఒక్క రోజులో అవుతుందా?

కామారెడ్డి_పోరడు

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు, ఇదే మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి.

నేను ఉండేది బెంగళూరులో, కుందనహళ్లి గేట్ దగ్గర. ఊరు కామారెడ్డి పక్కన. ప్రతి దసరాకీ బస్సు టికెట్ల కోసం కొట్టుకోవడం, చివరికి రేటు చూసి నోరెళ్లబెట్టడం, ఇదే కథ. అందుకే ఈసారి బండి మీద పోదామనుకుంటున్నా. క్లాసిక్ 350, 2022లో కొన్నది, స్పోక్ చక్రాలు, 19 వేల కిలోమీటర్లు తిరిగింది, మొన్ననే సర్వీసింగ్ కూడా అయింది. మ్యాప్‌లో చూస్తే మా ఇంటి దాకా 690 చిల్లర చూపిస్తోంది, దాదాపు మొత్తం ఒకటే రోడ్డు, 44వ నంబరు హైవే, పన్నెండు గంటలు పడుతుందంటోంది. తెల్లారి నాలుగున్నరకు బయల్దేరితే సాయంత్రం ఐదింటికల్లా ఇంట్లో ఉంటా అని నా లెక్క.

ఇప్పటిదాకా ఒక్క రోజులో నేను ఎక్కువ నడిపింది చిక్కమగళూరు దాకా, 250 కిలోమీటర్లు, అదీ ఆరుగురం కలిసి. ఒక్కడినే ఎప్పుడూ ఇంత దూరం పోలేదు. వీడియోలు చూస్తే డ్రోన్ షాట్లు, టీ గ్లాసులు, సూర్యోదయం, ఇంతే, మధ్యలో ఆ తొమ్మిది పది గంటలు సీటు మీద ఏం జరుగుతుందో ఎవడూ చూపించడు. నిజంగా పోయొచ్చిన వాళ్లు చెప్పండి. ఒక్క రోజులో అవుతుందా, లేకపోతే ఎక్కడైనా రాత్రి ఆగాలా? ఆగితే ఎక్కడ?

ఇంకో విషయం. అమ్మకు బస్సులో వస్తున్నానని చెప్పా. చెబితే బాపు ఆ రోజంతా అన్నం తినడు. ఇది తప్పని నాకూ తెలుసు, దాని మీద క్లాసు పీకకండి ప్లీజ్.


నల్ల_బుల్లెట్

బ్రో 690కే ఇంత టెన్షనా. నేను పోయినేడు ఒక్క రోజులో వెయ్యి కొట్టా. అమెరికాలో ఐరన్ బట్ అని ఒక సంఘం ఉంది, వాళ్ల దగ్గర పేరు ఎక్కాలంటే 24 గంటల్లో వెయ్యి మైళ్లు నడపాలి, అంటే 1,610 కిలోమీటర్లు. మనవాళ్లు కూడా చాలామంది చేశారు. నీది అందులో సగం కూడా లేదు. రాత్రి రెండింటికి లేచి రోడ్డెక్కెయ్, ట్రాఫిక్ ఉండదు, ఎండ ఎక్కేసరికి కర్నూలు దాటిపోతావు. ఎక్కువ ఆలోచిస్తే ఎప్పటికీ బయల్దేరవు.


సీమ_సవారీ

తమ్ముడూ, ముందు ఆ పన్నెండు గంటల సంగతి. నువ్వు మ్యాప్‌లో కారు బొమ్మ నొక్కి చూసినట్టున్నావు. అది నిన్ను శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి మేడ్చల్ దగ్గర దింపుతుంది. ఔటర్ మీదికి బైకులను రానివ్వరు. ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీదికీ రానివ్వరు, కింద నుంచే పోవాలి, పైన కార్లు సర్రుమని పోతుంటే నువ్వు ఆటోల మధ్య పిల్లర్ల నంబర్లు చదువుకుంటూ కూర్చుంటావు. అంటే 560, 570 కిలోమీటర్లు నడిపి, నడుము పట్టేసి, చేతులు తిమ్మిరెక్కిన తర్వాత, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు హైదరాబాద్‌లోకి దిగి ఈ చివర నుంచి ఆ చివరకు ఊరంతా దాటాలి. నీ ప్రయాణంలో అసలు కష్టం అక్కడుంది. దూరం గురించి భయపడకు.

ఇక రోజంతా ఏం జరుగుతుంది అన్నావు కదా, నాకు జరిగింది చెబుతా. నేను అనంతపురం వాడిని, అనంతపురం దాకా కళ్లు మూసుకుని పోతాను అనుకునే రకం. రెండేళ్ల కిందట జూలైలో హైదరాబాద్ చింతల్‌లో ఉండే మా చెల్లెలి కూతురి మొదటి పుట్టినరోజుకు బండి మీద పోయా. నాదీ క్లాసికే, నీలాగే స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు.

హెబ్బాళ ఫ్లైఓవర్ దాటేసరికి ఐదుంపావు. ఎయిర్‌పోర్టు మలుపు దాకా ట్యాక్సీలు నెత్తినెక్కుతాయి, అది దాటగానే ఒక్కసారిగా రోడ్డు ఖాళీ. చిక్కబళ్లాపురం దగ్గర ఎడమవైపు నందికొండ నల్లగా కనబడుతుంది, అక్కడ చలి ఉంటుంది, జాకెట్ జిప్పు పైదాకా లాగాల్సిందే. ఈ మొదటి రెండు గంటలు ఎవడైనా రాజే. పాటలు పాడుకుంటావు, హెల్మెట్‌లో నీతో నువ్వే మాట్లాడుకుంటావు, ఒక్కడినే రావడం ఎంత మంచిదో అనుకుంటావు. బాగేపల్లిలో ట్యాంకు నింపుకో, మర్చిపోకు, చెక్‌పోస్ట్ దాటి ఆంధ్రాలోకి వస్తే పెట్రోలు లీటరుకు బాగా తేడా ఉంటుంది. నీ ట్యాంకు 13 లీటర్లు, కర్నూలు దాకా మళ్లీ ఆలోచించక్కర్లేదు.

పెనుకొండ దగ్గర్నుంచి గాలి మొదలైంది. జూలైలో మా వైపు గాలి ఊరికే వీచదు, ఆ గాలిమరలు అక్కడ పెట్టింది ఊరికే కాదు కదా. పడమటి గాలి, నువ్వు పోయేది ఉత్తరానికి, కాబట్టి రోజంతా ఎడమ పక్క నుంచి కొడుతుంది. బండిని కొంచెం ఎడమకు వాల్చి పట్టుకుంటేనే తిన్నగా పోతుంది. అది అలవాటవుతుంది. అలవాటు కానిది లారీలు. కుడి పక్క నుంచి లారీని దాటుతున్నప్పుడు దాని చాటున గాలి టక్కున ఆగిపోతుంది, నువ్వేమో ఎడమకు వాలి ఉన్నావు, బండి లారీ వైపే జరుగుతుంది. కంగారుపడి సర్దుకునేలోపు లారీ ముక్కు దాటతావు, అప్పుడు గాలి ఒక్క దెబ్బ కొడుతుంది చూడు, చెంప మీద కొట్టినట్టు, బండి అడుగు దూరం డివైడర్ వైపు జరుగుతుంది. మొదటిసారి నాకు నాలుక ఎండిపోయింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగుతుంది, మోకాళ్లతో ట్యాంకును బిగించి చేతులు వదులుగా పెట్టుకోవాలి. నువ్వు పోయేది దసరాకు కాబట్టి అంత గాలి ఉండకపోవచ్చు, వాన మాత్రం తగలొచ్చు.

అనంతపురంలో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నా. ఊరికి పోయి తినకుండా వస్తే మా అమ్మ ఊరుకోదు. తొమ్మిదింపావుకు కదిలా. గుత్తి కోట కొండ మీద కనబడుతుండగానే వెనక చక్రం జారుతున్నట్టు అనిపించింది, ఆపి చూస్తే టైరు నేలకు అంటుకుపోయి ఉంది. లారీ టైర్లు పేలినప్పుడు సన్నటి ఇనప తీగలు రాలతాయి కదా, వెంట్రుక మందాన, అది దిగింది. రెండు కిలోమీటర్లు తోశా. క్లాసిక్‌ను తోస్తే తెలుస్తుంది అది ఎంత బరువో. పంచర్ షాపు పిల్లాడికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు, టైరు లోపల అరచేత్తో మెల్లగా తడుముతూ ఒక చోట ఆగి, పళ్లతో దారం లాగినట్టు పట్టుకారుతో ఆ తీగ లాగి నా చేతిలో పెట్టాడు. ట్యూబు మార్చి చక్రం బిగించి పంపేసరికి గంటా ఇరవై నిమిషాలు పోయాయి.

తప్పు అక్కడ చేశా. పోయిన గంటను రోడ్డు మీద సంపాదిద్దామనుకున్నా. టీ ఆపలేదు, నీళ్లు తాగలేదు, కర్నూలులో ఒకటిన్నరకు ఆకలి మీద ఫుల్ మీల్స్ కట్టేసి, పెరుగన్నం కూడా రెండోసారి వేయించుకుని, వెంటనే బండెక్కా. తుంగభద్ర దాటితే తెలంగాణ, అక్కడి నుంచి రోడ్డు తిన్నగా తాడు లాగినట్టు ఉంటుంది, ఇంజన్ ఒకటే శబ్దం, ఎండ. బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి దాటింది గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది పెబ్బేరు దగ్గర చక్రాల కింద డడడడ అని శబ్దం. ఊరి జంక్షన్ల ముందు తెల్లటి మందపాటి పట్టీలు వేస్తారు కదా, అవి నన్ను లేపాయి. అంటే దానికి ముందు ఎంతసేపో నేను లేను. ఎనభైలో పోతున్నామంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు కళ్లు మూసినా 66 మీటర్లు బండి దానంతట అదే పోయింది. ఎదురుగా ఒక ఆటో మలుపు తిరుగుతోంది, ఇంకా చాలా దూరంలో ఉందిలే, కానీ ఉంది.

పక్కన బంకులో ఆపి, గాలి మిషన్ దగ్గరున్న సిమెంటు బెంచీ మీద జాకెట్ తలకింద పెట్టుకుని పడుకున్నా. బంకు కుర్రాడు వచ్చి లేపి "అన్నా, బతికే ఉన్నవా" అన్నాడు. అరగంట నిద్రపోయానట.

ఆరాంఘర్ చేరేసరికి పావు తక్కువ ఆరు, అక్కడి నుంచి చింతల్‌కు ఇంకో గంటన్నర. కేక్ కోసేశారు.

కాబట్టి నేను చెప్పేదేంటంటే రోజును వెనక నుంచి లెక్కపెట్టు. అక్టోబరులో ఆరింటికి చీకటి పడుతుంది. ఐదింటికల్లా స్టాండ్ వేసేయాలి అనుకో, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రా, నీకు తేలేది జడ్చర్లో షాద్‌నగరో. అక్కడ ఆగు. పొద్దున ఐదింటికి లేచి హైదరాబాద్ దాటు, పాల వ్యాన్లు తప్ప ఎవరూ ఉండరు. ఎనిమిదిన్నర తొమ్మిదికి మీ ఇంట్లో టిఫిన్.


నల్ల_బుల్లెట్

అన్నా అది మీల్స్ తప్పు, దూరం తప్పు కాదు 😄 మధ్యాహ్నం అరటిపండ్లు, మజ్జిగ, అంతే. నేను అలాగే చేస్తా.


సీమ_సవారీ

మీల్స్ తప్పే, ఒప్పుకుంటా. రాగిసంగటి తిని ఉంటే పెబ్బేరు కాదు, కర్నూలు బస్టాండ్ కూడా దాటేవాడిని కాదు.


చైన్_స్ప్రాకెట్

పైన ఆయన పంచర్ గురించి రాశారు కాబట్టి దాన్నే పట్టుకుంటా. స్పోక్ చక్రమంటే ట్యూబు టైరు, ట్యూబు టైరంటే మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, ట్యూబ్‌లెస్ లాగ మెల్లగా తగ్గుతూ పక్క ఊరి దాకా తీసుకుపోదు. కాబట్టి ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు స్పేర్ ట్యూబులు బ్యాగులో పడేసుకో. షాపు దొరుకుతుంది, నీ సైజు ట్యూబే దొరకదు.

రెండోది ఎవరూ చెప్పరు. వెనక చక్రం ఊడదీసి బిగించాక చైన్ టైటు మారిపోతుంది. పంచర్ వేసేవాళ్లు ఇరుసు నట్టు బిగించి పంపేస్తారు, చైన్ వాళ్ల పని కాదు. అక్కడే స్టాండ్ వేసి కింది చైన్ మధ్యలో వేలు పెట్టి పైకీ కిందికీ కదిపి చూడు, మాన్యువల్లో ఎంత ఉండాలని రాశారో అంత ఆడాలి, చాలా బళ్లకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర. మరీ వదులైతే టపటపా కొట్టుకుంటుంది, మరీ బిగుతైతే చప్పుడు ఉండదు కానీ అదే ఎక్కువ ప్రమాదం. అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా ఒకేలా ఉన్నాయో లేదో చూడు, లేకపోతే చక్రం వంకరగా కూర్చున్నట్టు. వెనక బ్రేకు ఒకసారి తొక్కి చూసి అప్పుడు కదులు.

చైన్ స్ప్రే ఒక చిన్న డబ్బా పెట్టుకో. షాద్‌నగర్‌లో ఆగినప్పుడు, చైన్ ఇంకా వెచ్చగా ఉండగానే కొట్టు, తెల్లారేసరికి పట్టుకుంటుంది. వానలో తడిస్తే తప్పనిసరి.

టోల్ గేట్ల దగ్గర బైకులకు డబ్బులు లేవు, ఎడమ చివర సన్న దారి ఉంటుంది. ఆ దారిలో ఇసుక, నూనె చుక్కలు, ఒక్కోసారి గొలుసు కట్టి ఉంటుంది. స్పీడులో దూరకు. నేను పడ్డది నా జీవితంలో ఒక్కసారే, అది కొండ మీదా కాదు, ఘాట్‌లోనూ కాదు, టోల్ గేట్ పక్కన, గంటకు పది కిలోమీటర్ల వేగంలో, వెనక నాలుగు కార్లవాళ్లు చూస్తుండగా.


ఒంగోలు_పిల్ల

నేను బెంగళూరు నుంచి ఒంగోలుకు ఏడాదికి రెండుసార్లు ఒక్కదాన్నే పోతా, కోలారు, చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట, నెల్లూరు మీదుగా, 500 పైనే అవుతుంది. నీ రోడ్డు కాదు కానీ కొన్ని అన్ని రోడ్లకూ ఒకటే.

ఒక్కడివే పోతే ఆగిన ప్రతి చోటా అడుగుతారు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఒక్కడివేనా అని. మగపిల్లలకు అది సరదా కబురు. మేమైతే "వెనక మావాళ్లు కారులో వస్తున్నారు, పది నిమిషాల్లో ఇక్కడుంటారు" అంటాం. ఆ కారు నాతో ఐదేళ్లుగా వస్తోంది, ఇంకా చేరలేదు. నువ్వు కూడా రాత్రి ఆగే లాడ్జి పేరు టీ కొట్టులో చెప్పకు, అంతే.

కాఫీ గురించి ఒక మాట. నిద్రొస్తోంది అనిపించినప్పుడు కాఫీ తాగి వెంటనే బండెక్కితే లాభం లేదు, అది ఒంటికి పట్టడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. తాగేసి అక్కడే పదిహేను, ఇరవై నిమిషాలు కునుకు తీయి, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. నాయుడుపేట అవతల ఒక దాబా నులకమంచం నా పేరు మీదే రాసిచ్చేయొచ్చు, అన్నిసార్లు పడుకున్నా.

ఫోను హ్యాండిల్‌కు బిగించి మ్యాప్ చూస్తూ పోతావేమో, ఇంజన్ అదురుకు కెమెరా పాడవుతుంది. ఐఫోన్ల గురించి ఆపిల్‌వాళ్లే 2021లో ఈ సంగతి చెప్పారు. నీకెలాగూ ఒకటే రోడ్డు, ఫోను జేబులో పెట్టుకుని చెవిలో మాట వింటే చాలు. బట్టలు పాలిథీన్ కవర్లలో చుట్టి బ్యాగులో పెట్టు, రెయిన్ కవర్ ఉందని నమ్మకు. పక్క బ్యాగుల్లో బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి, అమ్మకు చీర ఒక పక్క, బాపుకు స్వీటు డబ్బాలు ఒక పక్క అన్నట్టు.

క్లాసు పీకొద్దన్నావు, పీకను. కానీ నువ్వు ఆ రోజు ఎక్కడున్నావో ఒక్కరికైనా తెలియాలి. అమ్మకు చెప్పకపోతే పోనీ, అక్కకో స్నేహితుడికో లైవ్ లొకేషన్ పెట్టు. హైవే హెల్ప్‌లైన్ 1033, అది ఫోనులో ఉంచుకో. రక్తం గ్రూపు, ఒక ఫోన్ నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టు, ఎందుకంటే ఫోనుకు లాక్ ఉంటుంది, పర్సుకు ఉండదు.


పాత_సీడీ100

నాన్నా, నేను రిటైరైపోయిన మనిషిని, బెంగళూరులోనే ఉంటా, యలహంక. ఇప్పుడు మీరు 44 అంటున్న రోడ్డును మేము ఏడో నంబరు హైవే అనేవాళ్లం, నంబర్లు మార్చింది 2010లో. తొంభైల్లో హీరో హోండా సీడీ100 మీద ఇదే దారిన కర్నూలు పోయేవాడిని, మా అత్తగారి ఊరు. అప్పుడు డివైడర్ లేదు, రెండే వరసలు, ఎదురుగా వచ్చే బస్సు లైటు డిమ్ చేయకపోతే రోడ్డు దిగి ఆగిపోవడమే. స్పార్క్ ప్లగ్గు ఒకటి, క్లచ్ వైరు ఒకటి, సైకిల్ పంపు ఒకటి సీటు పక్కన కట్టుకుని పోయేవాళ్లం. నలభై, యాభై దాటితే స్పీడు. కాబట్టి నిద్ర వచ్చేది కాదు, రోడ్డు నిద్రపోనిచ్చేది కాదు. ఇప్పుడు రోడ్డు మరీ బాగుంది, అదే గొడవ.

ఆ వెయ్యి మైళ్ల కుర్రాడికి. బాబూ, వాళ్లు బంకు రసీదులు టైముతో సహా దాచిపెట్టి లెక్క చూపించాలి, అంత పద్ధతిగా చేస్తారు, ఎక్కడ ఆగాలో ఎంతసేపు పడుకోవాలో ముందే రాసుకుంటారు. రాత్రి రెండింటికి లేచి రోడ్డెక్కెయ్ అని మొదటిసారి పోయేవాడికి చెప్పరు. రెండింటికి లేవాలంటే పిల్లవాడు ఆ రాత్రి పడుకోడు, ఆ నిద్ర బాకీ పెబ్బేరులో వడ్డీతో సహా వసూలవుతుంది.

ఇంకొకటి. హైదరాబాద్‌లోకి పోకుండా షాద్‌నగర్ నుంచి షాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్ అని ఒక చుట్టుదారి ఉంది, తూప్రాన్‌లో మళ్లీ నీ హైవే కలుస్తుంది. పగలైతే బాగుంటుంది, నర్సాపూర్ దగ్గర అడవి కూడా. పొద్దుగూకే వేళ మాత్రం వద్దు, ఊళ్లలోకి బర్రెలు తిరిగొచ్చే టైము, ప్రతి ఊరికీ నాలుగు స్పీడ్ బ్రేకర్లు, వాటికి రంగు ఉండదు.

అమ్మ సంగతి మీ ఇంటి వ్యవహారం, నేను మాట్లాడను. నేను కూడా మా ఆవిడకు కర్నూలు చేరాకే చెప్పేవాడిని, ఉత్తరం రాసి.


కామారెడ్డి_పోరడు

అందరికీ చాలా థాంక్స్. ఔటర్ సంగతి నాకు నిజంగా తెలియదు, మ్యాప్‌లో బైకు గుర్తు పెట్టి చూస్తే గంటన్నర పెరిగింది. రెండు ట్యూబులు కొన్నా. అక్కకు లైవ్ లొకేషన్ పెడతా అని చెప్పా, అమ్మకు చెప్పను అని ఒట్టేసింది, చూద్దాం. సీమ అన్నా, షాద్‌నగర్‌లో ఆగుతున్నా. నల్ల బుల్లెట్ బ్రో, ఏమీ అనుకోకు.


నల్ల_బుల్లెట్

అనుకోవడమేముంది బ్రో, సేఫ్‌గా పో. అరటిపండ్లు మర్చిపోకు.


కామారెడ్డి_పోరడు

చేరా. రాస్తానన్నా కాబట్టి రాస్తున్నా.

పావు తక్కువ ఐదుకు కదిలా. నందికొండ దగ్గర చలికి వేళ్లు కొంకర్లు పోయాయి, గ్లోవ్స్ ఉన్నా. మొదటి వంద కిలోమీటర్లు సీమ అన్న చెప్పినట్టే రాజాలాగ ఉంది, నిజంగానే పాటలు పాడా, హెల్మెట్‌లో నా గొంతు నాకే బాగా నచ్చింది. బాగేపల్లిలో పెట్రోలు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ దాటుతుంటే షిఫ్టు బస్సులు వరసగా, వాటిలో కిటికీ పక్క కూర్చున్న ఒకాయన బొటనవేలు ఎత్తి చూపించాడు, ఆ ఒక్క వేలికి అనంతపురం దాకా నవ్వుకుంటూ పోయా. ఉగ్గాణి తిన్నా. బజ్జీలు నాలుగు అడిగి రెండే తిన్నా, మధ్యాహ్నం గుర్తొచ్చి.

గాలి అంత లేదు. డోన్ దగ్గర వాన పట్టుకుంది. దూరంగా గాలిమరలు సగం మబ్బులో మునిగి రెక్కలు మాత్రం కిందికి వస్తూ పోతూ కనబడ్డాయి. ఒక ఫ్లైఓవర్ కింద ఆగితే అప్పటికే అక్కడ ముగ్గురు బైకులవాళ్లు, ఒక గొర్రెల కాపరి, అరవై డెబ్బై గొర్రెలు. అరగంట. తడిసిన ఉన్ని వాసన ఇంకా జాకెట్‌కు ఉంది. కాపరి నా బండి చూసి ఎంత ఇస్తుంది అని అడిగాడు, ముప్పై ఐదు అన్నా, "గొర్రె నయం" అన్నాడు. ఎలా నయమో అడగలేదు.

కర్నూలులో పెరుగన్నం కొంచెం, అరటిపండ్లు రెండు. అయినా పెబ్బేరు దగ్గర వచ్చింది, నిద్ర. ఆవులింత కాదు. ముందు పోతున్న లారీ వెనక రాసింది చదువుతున్నా, చదివిందే మళ్లీ చదువుతున్నా, ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు. అప్పుడు అర్థమైంది. ఆపేసి కాఫీ తాగి చెట్టు కింద ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకున్నా, ఒంగోలు అక్కా ఆ ఫార్ములాకు దండం.

షాద్‌నగర్ చేరేసరికి నాలుగుంబావు. నిజం చెప్పాలంటే అక్కడ ఆగడమే అన్నిటికంటే కష్టమైంది. వెలుతురు బోలెడుంది, ఒంట్లో ఓపిక ఉంది, ఇంకో 165 కిలోమీటర్లే, హోటల్ రూముకు డబ్బులు దండగ అనిపించింది. బండి స్టార్ట్ చేసి కూడా పెట్టా. అప్పుడు అక్క ఫోన్ చేసింది, "ఎందుకు ఆగినవ్, ఏమైంది" అని, చుక్క కదలడం లేదని చూస్తూ కూర్చుందట. ఇక్కడే పడుకుంటున్నా అనేశా. అన్నాక ఇక తప్పలేదు. చైన్‌కు స్ప్రే కొట్టి ఏడింటికి పడుకుంటే మళ్లీ నాలుగున్నరకే లేచా.

హైదరాబాద్ ఆ టైముకు వేరే ఊరు. ఆరాంఘర్, అఫ్జల్‌గంజ్, సికింద్రాబాద్, బోయిన్‌పల్లి, కొంపల్లి, అంతా కలిపి గంటా పది నిమిషాలు. అఫ్జల్‌గంజ్‌లో బంతిపూల మూటలు దించుతున్నారు, పండగ కదా, రోడ్డు మీద పూలు నలిగి పచ్చగా ఉంది, అక్కడ మాత్రం కాలు ఒకసారి జారింది. మా ఊరి రోడ్డు మీద సగం దాకా మక్కలు ఆరబోసి రాళ్లు పెట్టారు, 690 కిలోమీటర్లు వచ్చి ఆ చివరి రెండు కిలోమీటర్లు ఫస్ట్ గేరులో, మక్కల మీద నుంచి పోతే తిడతారని అంచు పట్టుకుని పోయా.

అక్క ఒట్టు నిలబడలేదు, అమ్మకు నిన్న మధ్యాహ్నమే చెప్పేసిందట. అమ్మ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని చూసింది, గ్లోవ్‌కూ జాకెట్‌కూ మధ్య మణికట్టు దగ్గర రెండు వేళ్ల వెడల్పున గాజు వేసినట్టు నల్లగా కమిలింది. పసుపు రాయనా అంది. బాపు బండి చుట్టూ ఒకసారి తిరిగి, హెడ్‌లైట్ మీద ఎండిపోయిన పురుగులను గోటితో గీకి, "మీ బస్సుకు వైపర్ లేదారా" అన్నాడు.

సోమవారం తిరుగు ప్రయాణం. వెనక టైరులో గాలి కొంచెం తగ్గినట్టు అనిపిస్తోంది, కామారెడ్డిలో చూపించుకుంటా. జడ్చర్ల, కర్నూలు మధ్యలో మంచి పంచర్ షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పి పెట్టండి.